బద్లీ లిస్టులో నా పేరు

సూరత్‌లో మాది పదడుగుల రూము. ఎనిమిది మందిమి ఉండేవాళ్లం, పక్కలు మాత్రం నాలుగే. పగటి షిఫ్టు వాళ్లు లేచి వెళ్తే, రాత్రి షిఫ్టు వాళ్లం వచ్చి అదే పక్క మీద ఒరిగేవాళ్లం. నా పక్కకు రెండో వాటాదారు మా బావ, అక్క భర్త. పక్కే కాదు, మరమగ్గాలు కూడా మా ఇద్దరికీ కలిపే. మరమగ్గాన్ని మేం సాంచె అంటాం. పన్నెండు సాంచెల్ని పగలు ఆయన, రాత్రి నేను నడిపేవాళ్లం. పొద్దున ఏడింటికి కార్ఖానా గేటు దగ్గర నేను బయటికి, ఆయన లోపలికి. ఎదురుపడితే ఒక మాట విసరకుండా వదిలేవాడు కాదు.

"పక్క ఎచ్చగ పెట్టొచ్చిన బామ్మర్దీ, పోయి పండు. నీ పెండ్లయ్యేదాంక నాకు గిదే కొలువు."

కరోనా వెళ్లిపోయిన కొన్నేళ్లకు, ఒక చలికాలం, కొత్త రకం ఫ్లూ ఏదో లేచిందని టీవీలు మొదలుపెట్టాయి. మా సేఠ్ భయపడ్డాడు. లాక్‌డౌన్‌లో మనుషులంతా ఊళ్లకు పోయి కార్ఖానా నెలల తరబడి మూగగా పడి ఉండటం ఆయన మరిచిపోలేదు. ఈసారి ముందే సిద్ధంగా ఉండాలన్నాడు. నాకు చదువు వచ్చని పిలిచి, హిందీలో ఉన్న ఆరోగ్య సూచనల కాగితం చేతికిచ్చి తెలుగులో రాయమన్నాడు. పెద్ద అట్ట మీద రాసి నీళ్ల కుళాయి దగ్గర అంటించాను. నా దస్తూరి బాగుంటుంది. గర్వపడ్డాననే చెప్పాలి.

రెండు వారాలకు సరిపడా సరుకులు, మందులు ఇంట్లో పెట్టుకోవాలి. ఒంట్లో నలతగా ఉంటే రైలెక్కకూడదు. చేతులు, ముఖం తరచూ కడుక్కోవాలి. జ్వరం వచ్చినవారిని వేరే గదిలో ఉంచాలి. సెలవు రోజున అందరం రూములో ఉన్నప్పుడు ఇవన్నీ చదివి వినిపిస్తుంటే బావ నాలుగు గోడల వంకా నిదానంగా చూశాడు.

"వేరే గది అంటే ఏందిరా? జరమొచ్చినోన్ని మేకుకు తగిలిస్తవా?"

అందరం నవ్వాం. నవ్వుతూనే ఆ కాగితం రాసినవాడి మీద నాకు ఒళ్లు మండింది. తెలుగులో పెట్టింది నేనే కాబట్టి కొంత నా మీద కూడా. సేఠ్ అయితే అడాజన్‌లోని తన ఫ్లాట్లో ఒక గది ఖాళీ చేయించానని, మీరూ అలాగే చేసుకోండని మాతో చెప్పాడు. ఆయన మనసులో ఎగతాళి లేదు. మా రూము ఆయన ఎన్నడూ చూడలేదు, అంతే.

ఆయనకు ఇంకో కాగితం కూడా కావాలి. ఎవరైనా జబ్బుపడితే వాళ్ల సాంచెల దగ్గర ఎవరు నిలబడాలో ముందే రాసి ఉంచాలి. అలా ఒకరి బదులు నిలబడేవాణ్ని బద్లీ అంటారు. కొత్త మనుషుల్ని తెచ్చి సిద్ధంగా పెట్టుకుందామని ఆయన ఆలోచన. కొత్తవాడు ఒకసారి సాంచె పట్టాడంటే అది మళ్లీ మన చేతికి రాదని మాకందరికీ తెలుసు. సేఠ్‌కు ఎదురు చెప్పడం నాకదే మొదటిసారి. బయటివాళ్లు వద్దు, జోడీలో రెండోవాడే బద్లీ అని పట్టుబట్టాను. ఒప్పుకున్నాడు. లిస్టు నేనే రాశాను. బావ పేరుకెదురుగా నా పేరు, నా పేరుకెదురుగా బావ పేరు. ఆ ఆదివారం మెస్సులో నన్ను కొత్తల్లుడిలా కూర్చోబెట్టి కొసరి కొసరి వడ్డించారు.

ఒకడు పడుకుంటే రెండోవాడు పగలూ రాత్రీ నిలబడాలి. ఆ సంగతి నాకు తట్టలేదు. బావకు తట్టింది.

సేఠ్ నుదుటికి గురిపెట్టి జ్వరం చూసే మిషన్ కొని వాచ్‌మన్‌కిచ్చాడు. జనవరిలో ఒకరోజు నుంచి బావ గేటు బయటి కుళాయి దగ్గర ముఖం కడుక్కుని లోపలికి రావడం మొదలుపెట్టాడు. వేళ్లు కొంకర్లు పోయే నీళ్లవి. నా పోస్టర్ పనిచేసిందనుకున్నాను.

"ఏంది బావా, నా రాత బాగనే ఒంటవట్టినట్టుంది?"

"నీ రాతకు జర ఇజ్జతియ్యాలె గద" అని పక్కకు తిరిగి దగ్గాడు. దూది ధూళిలో బతికేవాళ్లం, దగ్గు మాకు కొత్త కాదు. ఒళ్లు నొప్పులని చెప్పి మాత్రలు మింగుతున్నాడని రూములో వాళ్లు తర్వాత చెప్పారు.

ఐదో రోజు సాయంత్రం షిఫ్టు మారే వేళకు నేను వెళ్లేసరికి సాంచెల మధ్య సందులో కూలబడి ఉన్నాడు. పట్టుకుంటే ఒళ్లు కాలిపోతోంది. పెదాలు నల్లబడ్డాయి.

"ఎందుకు చెప్పలేదు బావా?"

"చెప్తె... రెండు షిఫ్టులు... నువ్వే నిలవడాలె గదరా."

ఇద్దరు రూము వాళ్లు ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. నేనూ ఎక్కబోతే బావే చెయ్యి ఊపాడు, సాంచెల దగ్గరికి పొమ్మని. వెళ్లాను. తెల్లవారి ఫోన్ చేస్తే ఆక్సిజన్ పెట్టారన్నారు. షిఫ్టు దిగి పరిగెత్తబోతుంటే, మా పని చూసే మాస్టర్ ఆపాడు. మా జిల్లావాడే, చెడ్డవాడు కాదు.

"పొద్దటి బద్లీ నువ్వే గదనే. కాదంటే చెప్పు, బయట ఇద్దరు నిలవడ్డరు."

బావ కోలుకుని వస్తే సాంచెలు ఉండాలి కదా అనుకున్నాను. మధ్యాహ్నం తిండి వేళకు వెళ్లి వద్దామనుకున్నాను. తిండి వేళకు ముందే ఫోన్ వచ్చింది. మోతలో మొదటిసారి మోగింది నాకు వినబడనే లేదు.

శవాన్ని ఊరికి పంపే బండి ఖర్చు సేఠే పెట్టుకున్నాడు. నీ లిస్టు వల్ల ఒక్క సాంచె కూడా ఆగలేదని నా భుజం తట్టాడు. ఓదార్పుగానే అన్నాడు. నాకు మాత్రం ఆ చేతిని విసిరికొట్టాలనిపించింది. లిస్టును చింపేయాలనిపించింది. చింపలేదు, మిగతావాళ్లకు అదే ఆధారం. ఆ వారంలోనే నాకూ, రూములో మరో ఇద్దరికీ జ్వరం వచ్చింది. మేం లేచాం.

ఊళ్లో దినాలయ్యాక అక్క నన్ను పక్కన కూర్చోబెట్టుకుని అడిగింది.

"జరం ఎన్ని దినాల సంది ఉండె తమ్మీ? నీకు ఎర్కలేదా?"

"నాకు చెప్పలేదక్కా."

అది నిజమే, ఆయన చెప్పలేదు. కానీ ఆ ఐదు రోజులూ నేను రూముకొచ్చేసరికి దిండు తడిగా ఉండేది. మొదటి రోజు తలస్నానం చేసి ఉంటాడనుకున్నాను. తర్వాత అదీ అనుకోలేదు, తిరగేసుకుని పడుకున్నాను. పక్క మామూలుకన్నా వెచ్చగా ఉండేది. నిద్ర బాగా పట్టేది.