నన్ను గుద్దబోయే బస్సు

బాపట్లలో ఒక కాలేజీ హాల్లో నా చావు గురించి చర్చ మొదలైనప్పుడు నేను ముందు వరసలో కూర్చుని సమోసా తింటున్నాను.

రాసిన కంప్యూటర్ ప్రోగ్రాము లోగుట్టు దాచుకోకుండా ఊరందరికీ పంచిపెట్టేవాళ్ల సదస్సు అది. నేనూ ఆ బాపతే. నేను రాసిన తెలుగు కీబోర్డు లేకపోతే తెనాలి ప్రెస్సుల్లో పెళ్లికార్డులు ఆగి, కార్డులు లేక పెళ్లిళ్లు ఆగి, జనాభా తగ్గిపోతుందని నా గట్టి నమ్మకం. వేదిక మీద మాట్లాడుతున్నావిడ ఎంతో మర్యాదగా అంది:

“ప్రతి ప్రాజెక్టుకీ ఒక లెక్క చూసుకోవాలండి. ఎంతమందిని బస్సు గుద్దేస్తే అది ఆగిపోతుంది? కొన్నిటికి పదిమంది కావాలి. తెలుగు కీబోర్డుకి ఒక్కరు చాలు. ఆయన ఇక్కడే ఉన్నారు.”

హాలంతా నా వైపు తిరిగింది. కొందరి కళ్లల్లో అప్పటికే సంతాపం కనిపించింది. బంగాళదుంప ముక్క గొంతుకు అడ్డంపడి, నా చావు బస్సు దాకా ఆగేలా లేదు.

ఆవిడ మాటలో అబద్ధం లేదు. ప్రోగ్రాము ఎవరైనా చదవొచ్చు, తప్పులు దిద్ది నాకు పంపొచ్చు. దిద్దినదాన్ని వాడేవాళ్లందరి కంప్యూటర్లకూ చేరవేసే అధికారం, మా భాషలో తాళం, మాత్రం నా ఒక్కడి దగ్గరే ఉంది. కిందటేడు కంప్యూటర్లు కొత్త రకానికి మారగానే అక్షరాల కింద వత్తులన్నీ ఊడిపోయాయి. సరిచేసి పంపేదాకా ప్రెస్సులవాళ్లు మా వరండాలోనే కాపురం పెట్టారు. నేను లేకుండా అలాంటిది మళ్లీ జరిగితే, తెనాలి కార్డుల్లో వత్తులు శాశ్వతంగా మాయం.

ఆ వత్తులు అతికించింది నేను కాదు, రేపల్లెలో లెక్కలు చెప్పే ఒక టీచరమ్మ. రెండేళ్లుగా దిద్దుబాట్లు పంపుతున్న ఆమెను చూడడం ఆరోజే మొదలు. టీ విరామంలో వెళ్లి, రెండో తాళం ఉంచుకోమని బతిమాలాను.

“వద్దు బాబాయ్ గారూ. తప్పు దిద్దమంటే దిద్దుతాను. తాళం పుచ్చుకుంటే ప్రెస్సులవాళ్లు నా క్లాసులోకొచ్చి కూర్చుంటారు.”

“భయమా అమ్మా?”

“మీకు లేదేంటి? ఆవిడ బస్సు అన్నప్పటినుంచీ మీ చెయ్యి వణుకుతూనే ఉంది. టీ సగం నా చీర మీదే ఉంది.”

సాయంత్రం ఇద్దరం తెనాలి బస్సుకు బయల్దేరాం. నాది తెనాలే, ఆమె అక్కడ రేపల్లె రైలెక్కాలి. బస్టాండు ముందు రోడ్డు ఆరోజు నాకు కృష్ణానది అంత వెడల్పుగా కనిపించింది. పొన్నూరు బస్సు, చీరాల బస్సు, ఏ ఊరిదో పెళ్లిబస్సు, అన్నీ నా అడ్రసే కనుక్కుంటూ వస్తున్నట్టున్నాయి.

“ఏంటి బాబాయ్ గారూ, ముహూర్తం చూస్తున్నారా?” అంటూ ఆమె దాటేసింది. నేను ఒక ఆవు వెనక నక్కి దాటాను. ఆవును చూసైనా బ్రేకు వేస్తారని.

బస్టాండు లోపలికొచ్చి ఊపిరి పీల్చుకున్నానో లేదో, ఒక బస్సు వెనక్కి వచ్చేసింది. ఇందులో అతిశయోక్తి ఏమీ లేదు. ఇంజను వేడి వీపుకు తగిలింది. టీచరమ్మ నా సంచి పట్టుకుని లాగకపోతే ఈ పేజీ మీ చేతిలో ఉండేది కాదు. డ్రైవరు కిటికీలోంచి తిట్టి వెళ్లిపోయాడు. ఆమె మొహం సున్నం కొట్టినట్టయింది.

“ఇటు కూర్చోండి. ఆ తాళమేదో ఇచ్చెయ్యండి,” అంది.

బెంచీ మీద ల్యాప్‌టాప్ తెరిచి, ఆమెకు కూడా అధికారం రాశాను. కొండంత బరువు దిగింది. అంతలో తెనాలి బస్సొచ్చింది. ఆమె ఎక్కింది. నేను మెట్టు మీద కాలు పెట్టగానే చెయ్యి అడ్డం పెట్టింది.

“ఇద్దరం ఇందులోనే పోతే, కీబోర్డు ఆగడానికి మళ్లీ ఒక్క బస్సే చాలు కదండీ. మీరు తర్వాతదానికి రండి.”

దిగాను. బస్సు కదిలింది. డ్రైవరు ఒక చేత్తో మీసం దువ్వుకుంటూ ఇంకో చేత్తో స్టీరింగు తిప్పుతున్నాడు. నా భయం మళ్లీ మొదలైంది, ఈసారి ఆమె గురించి, ఇంకా గట్టిగా. బస్సు పక్కన పరిగెత్తాను.

“కండక్టర్ గారూ, కాస్త నిదానంగా పోనివ్వమనండి.”

“మీ అమ్మాయాండి?”

“కాదయ్యా. మా కీబోర్డు.”

అతను నావైపు జాలిగా చూసి, డ్రైవరుకు రైట్ చెప్పాడు.