దుప్పటి మూలకు బస్తా చెవి

దయ్యాల సంగతి ఎవరైనా నా దగ్గర ఎత్తితే ముందు వాళ్ల చెయ్యి పట్టుకుని నాడి చూసేదాన్ని. నవ్వులాటకు చెప్పడం లేదు. నేను వికారాబాద్‌లో ఒక నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెబుతాను. అంతకుముందు చాలా ఏళ్లు వార్డుల్లో పనిచేశాను. కారిడార్‌లో ఎవరో నడిచారని వణికిపోయే పిల్లలకు ఇంత అన్నం పెట్టి పడుకోబెడితే, పొద్దున్నకల్లా ఆ నడిచినవాళ్లు మాయమైపోవడం ఎన్నిసార్లు చూశానో. సగం దయ్యాలు ఖాళీ కడుపులోంచి పుడతాయని నా గట్టి నమ్మకం.

ఇది చదివి నా పాత విద్యార్థులు నవ్వుకుంటారు. నవ్వుకోనివ్వండి.

ముందు మా అక్క గురించి చెప్పాలి. ఆమె పేరు సరళ, నాకంటే ఆరేళ్లు పెద్దది. మాది తాండూరు. మా నాయన, పెద్దనాయన కలిసి కందుల వ్యాపారం చేసేవారు. ఇంటి ముందు భాగం దుకాణం, వెనక గదుల్లో మా కాపురం. ఇల్లంతా గోనె వాసన, కంది పొట్టు. అక్క ఇంటర్ అయ్యాక ఎవరికీ చెప్పకుండా నర్సింగ్‌కు దరఖాస్తు పెట్టుకుంది. సీటు వచ్చింది. ఎక్కడో ఒక పాత పుస్తకం కూడా సంపాదించింది. అది ఇంగ్లిష్ పుస్తకం. డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివి, మధ్యాహ్నాలు నాకు తెలుగులో చెప్పేది.

అందులో మొదటి పాఠం నర్సింగ్ చరిత్ర. ఈజిప్టులో గాయాలకు తేనె పూసి కట్టుకట్టిన వాళ్లు, సింధు నది ఒడ్డున మురుగు కాలువలు కట్టుకుని శుభ్రంగా బతికిన ఊళ్లు, రోగి పక్కన ఉండే మనిషికి నాలుగు గుణాలు ఉండాలని రాసిన మన పాత వైద్యులు. పని తెలిసి ఉండాలి, చేతిలో నేర్పు ఉండాలి, రోగి మీద ప్రేమ ఉండాలి, ఒళ్లూ మనసూ శుభ్రంగా ఉండాలి. బడి పెట్టి, పరీక్ష పెట్టి ఈ పని నేర్పడం నిన్నమొన్నటి సంగతి. అంతకుముందు వేల ఏళ్లు ఒకరిని చూసి ఒకరు నేర్చుకున్నదే. ఇప్పుడు నేను మొదటి ఏడాది పిల్లలకు చెప్పేది కూడా ఇదే పాఠం. కానీ మా అక్క చెప్పినంత బాగా నాకు ఇప్పటికీ రాదు.

పుస్తకంలో బొమ్మలు చూసి పక్క వేయడం కూడా సాధన చేసేది. రోగిని నేను. మా మంచం గది మూలకు నెట్టి ఉండేది. కాళ్ల వైపు ఒక్క మూల మాత్రమే గోడకు తగలకుండా బయటికి ఉండేది. పరుపు నున్నటిది, దుప్పటి నిలిచేది కాదు. పుస్తకంలో చెప్పినట్టు మూలను ఉత్తరం కవరులా మడిచి దోపే కవరు మడత పెట్టినా ఆ మూల ఊడి వచ్చేది. అప్పుడు అక్క దానికి బస్తా చెవి కట్టేది.

దుకాణం తెలియని వాళ్లకు చెబుతాను. బస్తా మూతి కుట్టేటప్పుడు రెండు కొసల్లో గుడ్డను పోగుచేసి, సుతిలి తాడుతో బిగించి చెవుల్లా వదులుతారు. హమాలీలు వాటిని పట్టుకుని ఎత్తుతారు. అక్క దుప్పటి కొసను అలాగే మెలిపెట్టి, ముడేసి, పరుపు కిందికి దోపేది. ఇక కదిలేది కాదు. కందులమ్మే ఇంట్లో పుట్టిన పిల్లకు తప్ప అలాంటి ఆలోచన ఇంకెవరికి వస్తుంది?

నర్సింగ్‌లో అది పెద్ద తప్పు. ముడి ఒత్తుకుంటే రోగి మడమకు పుండు పడుతుంది. నేను మొదటి ఏడాదిలో అలవాటు కొద్దీ ఒకసారి చెవి కట్టి, మా టీచరు చేతిలో అందరి ముందూ చివాట్లు తిన్నాను. మళ్లీ ఎప్పుడూ కట్టలేదు, ఎవరికీ చూపించలేదు.

అక్క సీటు సంగతి ఇంట్లో తెలిసిన రోజు పెద్దనాయన ఒక్క మాటతో తేల్చేశాడు.

"గల్ల పెట్టె ముందల కూసునే ఇంట్ల పుట్టిన పిల్ల ఒకల ఉచ్చలు, దొడ్లు ఎత్తుతదా?"

నాయన లెక్కల పుస్తకం తెరిచి తల వంచుకున్నాడు. అక్క ఏడవలేదు. ఆ సాయంత్రం డాబా మీద నాతో మాత్రం అంది.

"గిన్ని వేల ఏండ్ల సంది ఉన్న పని. మనింటికొచ్చే వరకే పాడైందానే?"

ఆ ఏడే ఆమెకు పెళ్లి చేశారు. అత్తగారిల్లు కూడా తాండూరే, వాళ్లదీ పప్పుల వ్యాపారమే.

నా వంతు వచ్చేసరికి పెద్దనాయన లేడు. నాయన మళ్లీ తటపటాయించాడు. అక్క అత్తగారింటి నుంచి వచ్చి, నాయన ఎదురుగా కూర్చుని గట్టిగా మాట్లాడింది. తనను ఆపారు, దీన్ని ఆపవద్దంది. నేను నర్సునయ్యానంటే ఆమె పుణ్యమే.

మొదటి ఏడాది పిల్లలకు దీపాలు ముట్టించే కార్యక్రమం ఉంటుంది. తెల్ల యూనిఫాం వేసుకుని, ఒకరి దీపంతో ఒకరు వెలిగించుకుని ప్రమాణం చేస్తాం. అది మాకు పెళ్లంత పండుగ. నేను చదువుకునే ఏడు, దానికి ముందు ఆదివారం అక్కను రమ్మని పిలిచాను. వాళ్ల వాకిట్లో నిలబడి, రైలు టైమవుతోందని తొందరలో, నువ్వూ రా అక్కా అన్నాను. నాకెందుకే, కందులొచ్చే దినాలు అంది. రాలేదు.

ఆ తర్వాత కూడా ఎన్నడూ మా కాలేజీ గడప తొక్కలేదు. ఫోన్లో మాత్రం అన్నీ అడిగేది. ఏ వార్డు, ఏ పాఠం, పిల్లలు ఎట్లా ఉన్నారు. తనకు దక్కనిది నాకు దక్కిందని లోపల ఎక్కడో ముల్లు గుచ్చుకుందేమోనని నాకు అనుమానం. అడగాలని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. అడిగితే గాయం రేగుతుందని ఊరుకున్నాను.

ఒకరోజు గుండె నొప్పి అని కబురొచ్చింది. తాండూరు రైలెక్కాను. రైలు ధారూర్‌లో ఆగి ఉండగా ఫోన్ వచ్చింది, అయిపోయిందని. జిల్లాలో ఎందరికో మంచినీళ్లు తాగించిన దాన్ని, మా అక్కకు ఒక్క గుక్క పట్టలేకపోయాను. ఆ అనుమానం అట్లాగే నా దగ్గర మిగిలిపోయింది.

ఇక అసలు సంగతి. అక్క పోయిన మరుసటి ఏడు, మొదటి ఏడాది పిల్లలను ఆసుపత్రి ఆడవాళ్ల వార్డుకు తీసుకెళ్లాను. పొద్దున్నే. కిటికీల్లోంచి బాగా ఎండ పడుతోంది. పిల్లలకు తలా ఒక మంచం ఇచ్చి పక్కలు సర్దమన్నాను. తర్వాత ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తున్నాను.

కిటికీ పక్క ఖాళీ మంచం దగ్గర ఆగిపోయాను. మూడు మూలలు చక్కగా కవరు మడతలు. కాళ్ల వైపు, బయటి మూలకు బస్తా చెవి.

ముందు ఒళ్లు మండింది. ఎవరిది ఈ మంచం అని అరిచాను. లావణ్య ముందుకొచ్చింది. పెద్దేముల్ దగ్గర పల్లె పిల్ల, ఇంట్లో గొర్లు మేపుతారు, కాస్త కంది చేను కూడా ఉంది. అబద్ధం చెప్పాల్సి వస్తే ముందే ఏడ్చేసే రకం. ఇది ఎవరు నేర్పారని అడిగాను.

"అక్క చెప్పింది మేడం. పరుపు జారుతున్నది, గీ మూలకు చెవి కట్టు, కదలదు అన్నది. మేడం తిడ్తరు వద్దన్న. తిట్టనియ్యి అని నవ్వి, తనే కట్టింది."

ఏ అక్క అన్నాను. తెలియదు, మామూలు చీరలో ఉంది, కాళ్లకు చెప్పులు లేవు, సీనియర్ అక్క అనుకున్నానంది. పక్క మంచం మీద ఉన్న రోగిని, మోమిన్‌పేట నుంచి వచ్చినామెను అడిగాను. ఎవరూ రాలేదే, ఈ పిల్ల ఒక్కతే తనలో తాను మాట్లాడుకుంటోంది, పాఠం అప్పజెప్పుకుంటోందనుకున్నానంది. వార్డు సిస్టర్‌ను, ఆయమ్మను అడిగాను. ఆ పొద్దున బయటివాళ్లెవరినీ రానివ్వలేదన్నారు.

లావణ్యను బయట బెంచీ మీద కూర్చోబెట్టాను. తిన్నావా అని అడిగాను. తిన్నదట. నాడి చూశాను, బాగానే ఉంది. చెప్పాలంటే నాదే గబగబా కొట్టుకుంటోంది.

ఫోన్లో అక్క ఫోటో చూపించాను. పోయే ముందటిది. తల నెరిసింది, కళ్లద్దాలు. లావణ్య చాలాసేపు చూసింది.

"గీ అమ్మకు బిడ్డ ఉన్నదా మేడం? అచ్చం గిసొంటి మొఖమే. గామె మాత్రం నా ఈడుది."

అక్కకు ఆడపిల్లలు లేరు. సీటొచ్చినప్పుడు ఆమెది లావణ్య వయసే. ఆ వయసు ఫోటో, పెళ్లిది కూడా, మా ఇళ్లలో ఎవరి దగ్గరా మిగల్లేదు.

ఇంకేమైనా అడిగిందా అన్నాను.

"దీపాలు ఎప్పుడు ముట్టిస్తరు అని అడిగింది. శుక్రారం అన్న. బయటోళ్లను రానిస్తరా అన్నది. పిలిస్తెనే రానిస్తరు అక్కా అన్న. గంతే మేడం, ఇంకేమనలే."

ఆ ముడి విప్పించి మళ్లీ సరిగ్గా వేయించడం నా ఉద్యోగం. విప్పించలేదు. మధ్యాహ్నం ఆ మంచం మీదికి రోగి వస్తుంటే నేనే దుప్పటి తీసి వేరేది పరిచాను. తీసిన దుప్పటి చెవితో సహా ఉతకడానికి పోయింది. దాచుకోవాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ సాయంత్రమే తాండూరు వెళ్లాను. బావ దుకాణంలో ఒక్కడే కూర్చుని ఉన్నాడు. జరిగింది చెప్పలేదు. మా దీపాల కార్యక్రమానికి అప్పట్లో అక్క ఎందుకు రాలేదని మాత్రం అడిగాను. నామీద కోపమా అన్నాను. బావ నన్ను వింతగా చూశాడు.

"కోపమెందుకమ్మా? గా దినం పొద్దుగాల్నే తానం చేసి, పట్టుచీర కట్టుకుని కూసున్నది. మా అమ్మ అడిగింది, బొట్టు పెట్టి పిలిచిండ్రా అని. లేదన్నది. పిలవని కాడికి ఎట్ల పోతవన్నది అమ్మ. మల్ల లోపలికి పోయి చీర మార్చుకున్నది."

మా ఇళ్లలో పెళ్లయిన ఆడపిల్లను ఏ శుభకార్యానికైనా ఇంటికెళ్లి, నుదుట కుంకుమ పెట్టి పిలవాలి. నోటి మాట పిలుపు కాదు. ఆ సంగతి నాకు తెలియక కాదు. కాలేజీ కార్యక్రమానికి బొట్టేమిటని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నాకూ తట్టలేదు, అమ్మకూ తట్టలేదు. అత్తగారింటి వాకిట్లో, బొట్టు పెట్టి పిలవమని తను నోరు తెరిచి అడగలేక, నా ముందు కందుల వంక పెట్టింది. అంతకాలం ఆమె మనసులో లేని ముల్లును నేను మోశాను. ఆమె పిలుపు కోసం చూసింది. ఇద్దరం రోజూ ఫోన్లో మాట్లాడుకున్నాం, ఈ ఒక్క సంగతి తప్ప.

లోపలికి వెళ్లి దేవుడి గూట్లోంచి కుంకుమ భరిణె తెచ్చాను. గోడ మీద అక్క ఫోటో అద్దానికి బొట్టు పెట్టాను. "అక్కా, శుక్రారం మా కాలేజీల దీపాలు ముట్టిస్తున్నం, తప్పక రావాలె" అన్నాను. బావ గుమ్మంలో నిలబడి చూశాడు. కండువాతో కళ్లు తుడుచుకున్నాడు.

శుక్రవారం హాల్లో ముందు వరుసలో ఒక కుర్చీ ఖాళీగా ఉంచి, దాని మీద నూనె, ఒత్తి వేసిన దీపం పెట్టాను. పిల్లల దీపాలన్నీ ఒకదాని నుంచి ఒకటి వెలిగాయి. ప్రమాణం చదివారు. ఆ ఒక్క దీపం అట్లాగే ఉండిపోయింది. నేను ముట్టించవచ్చు. చెయ్యి రాలేదు. అది ఆమె చేత్తో వెలగాల్సింది కదా.

లావణ్యకు మళ్లీ ఎవరూ కనబడలేదు. ఇప్పుడు ఆమె చదువు పూర్తయి నర్సుగా చేస్తోంది. తాండూరు మార్కెట్లో కందులమ్మడానికి వాళ్ల నాన్నతో వెళ్లేది కాబట్టి బస్తా చెవి ఆమె చూసే ఉంటుందని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. సరే. మరి అదే ఒక్క మూలకు ఎందుకు కట్టింది? ఆ మాటలు ఎవరివి? అక్క పోయింది ఆ ఆసుపత్రిలో కూడా కాదు, ఆ వార్డు ఆమె ఎన్నడూ చూడలేదు. ఎంత ఆలోచించినా నాకు తెగలేదు.

దయ్యాలు ఉన్నాయని ఇప్పటికీ చెప్పను. కానీ ప్రతి ఏడూ దీపాల ముందు తాండూరు వెళ్లి, ఆ అద్దానికి బొట్టు పెట్టి, రమ్మని పిలిచి వస్తున్నాను. కుర్చీ మీద దీపం పెడుతున్నాను. ఇప్పటిదాకా అది వెలగలేదు. పిలవడం మాత్రం నేను మానలేదు.