అడవిలో అమ్మమ్మ మౌనం

నా చిన్నప్పుడు అమ్మమ్మ రెడ్‌వుడ్ మహావృక్షాల అడవిలో మౌనవ్రతం పట్టిందని మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుని నవ్వుకుంటారు. ఆ కథ నిజం కాదు. ఆ సంగతి నాకొక్కడికే తెలుసు. అయినా ఇన్నేళ్లూ నేనూ వాళ్లతోపాటు నవ్వాను.

ఎనభైల నాటి మాట. నాకు తొమ్మిదేళ్లు. కాలిఫోర్నియాలో మా అపార్ట్‌మెంట్‌కి అమ్మమ్మ తెనాలి నుంచి ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చింది. అమ్మా నాన్నా ఆఫీసులకి వెళ్లిపోతే పగలంతా ఆమెతో మాట్లాడే మనిషి లేదు. మధ్యాహ్నం స్కూలు గేటు దగ్గర నన్ను చూడగానే మొదలుపెట్టేది. పెద్ద గొంతు. అందరూ మావైపే చూసేవాళ్లు. నాకు తల కొట్టేసినట్టుండేది.

ఒక శనివారం ఆ అడవికి వెళ్లాం. అమ్మా నాన్నా బల్ల మీద పులిహోర సర్దుతూ, ఈ కాలిబాట అర మైలే కదా, చుట్టు తిరిగి ఇక్కడికే వస్తుంది, అమ్మమ్మని తీసుకెళ్లు అన్నారు. కాలిబాట మొదట్లో మా క్లాసు అబ్బాయి వాళ్ల నాన్నతో నిలబడి ఉన్నాడు. అమ్మమ్మ తలెత్తి ఒక చెట్టు పైకి చూసి, "ఓరి నాయనో! దీని కొస ఎక్కడ్రా?" అని అరిచింది. వాడు వెనక్కి తిరిగి చూశాడు. ఆమె అక్కడున్న బోర్డు చూపించి ఏం రాసుందని అడిగింది. దారి పొడవు తప్ప దాని మీద ఇంకేమీ లేదు.

"ఇక్కడ టాక్ చేయకూడదంట అమ్మమ్మా. ఫైన్ వేస్తారంట."

"అమ్మో, అలాగా!" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

ఆ తర్వాత ఒక్క మాట మాట్లాడలేదు. పదిమంది చేతులు చాచినా చాలని మాను కనిపిస్తే నా భుజం తట్టి చూపించింది. లోపలంతా కాలి బొగ్గయినా పైన పచ్చగా ఉన్న చెట్టు దగ్గర చాలాసేపు నిలబడింది. ఏదో చెప్పబోయి ఆగిపోయింది. ఒక మలుపులో మా క్లాసు అబ్బాయి గట్టిగా పాడుకుంటూ, వాళ్ల నాన్న పెద్దగా నవ్వుతూ మమ్మల్ని దాటి వెళ్లారు. అమ్మమ్మ వాళ్లని చూసింది. తర్వాత నన్ను చూసింది. నేను తలదించుకున్నాను. అయినా ఆమె నోరు విప్పలేదు.

మేం బల్ల దగ్గరికి తిరిగొచ్చాక, "ఏంటత్తయ్యగారూ, మౌనవ్రతమా?" అని నాన్న ఆటపట్టించాడు. ఆమె నా ప్లేటులో పులిహోర వడ్డిస్తూ, "ఆ చెట్ల ముందు నోరు పెగల్లేదు బాబూ," అంది. అదే ఇంట్లో కథయింది.

సోమవారం స్కూలు గేటు దగ్గర నన్ను చూసినా ఆమె మాట్లాడలేదు. చుట్టూ ఉన్న పిల్లల్ని ఒకసారి చూసి, నా చెవి దగ్గరికి వంగి, "ఇక్కడ కూడా ఆ బోర్డు ఉందా నాన్నా?" అని అడిగింది. ఆ మాటలో కోపం లేదు, ఎత్తిపొడుపూ లేదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది.

లేదన్నాను. సారీ మాత్రం చెప్పలేదు. ఆమె మళ్లీ కబుర్లు మొదలుపెట్టింది గానీ, గొంతు తగ్గించింది. తెనాలి వెళ్లిపోయేదాకా నాతో అలాగే మాట్లాడింది.

తప్పు చేసిన పిల్లవాణ్ణి నలుగురిలో పట్టివ్వకుండా ఎలా కాపాడాలో ఆమె దగ్గరే చూశాను. మా పిల్లల విషయంలో అది చాలాసార్లు అక్కరకొచ్చింది. కానీ ఆమెని తలుచుకుంటే నాకు ఆ తగ్గించిన గొంతే వినిపిస్తుంది. అంతకుముందు ఆమె ఎలా మాట్లాడేదో ఎంత ప్రయత్నించినా గుర్తు రాదు.