ముట్టుకోకుండా పెంచిన కుక్క

నేను అయిదో తరగతి దాకానే చదువుకున్నాను. రాయడం అలవాటు లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక మా కుక్క దగ్గరే మొదలుపెడుతున్నాను. తప్పులుంటే సర్దుకుని చదవండి.

పోయిన వానాకాలం మా కుక్కకు ప్రాణం మీదికి వచ్చింది. ఆ సంగతి చెప్పాలంటే ముందు మా పక్కింటి మామ్మగారి గురించి చెప్పాలి. ఎందుకంటే కుక్క మాదే అయినా, దాన్ని పెంచింది ఆవిడ.

మాది రేపల్లె. పొద్దున్నే మా అరుగు మీద ఇడ్లీ, ఉప్మా వేసి అమ్ముతాను. మా ఆయన చేలల్లో మందు కొట్టే పనికి వెళతాడు. పక్క ఇల్లు ముస్లింలది. మామ్మగారి భర్త పోయి చాలా కాలమైంది. కూతురిని బాపట్లలో ఇచ్చారు. ఆవిడ ఒక్కరే ఉంటారు. మా రెండిళ్ళకీ మధ్య నడుమెత్తు గోడ ఒకటుంది. దానికి ఒక పక్క మనిషి పట్టేంత సందు ఉంది.

మా ఆయన కార్తీక పౌర్ణమికి సూర్యలంకలో సముద్ర స్నానానికి వెళ్ళి, వస్తూ చొక్కాలో ఒక నల్ల పిల్లను పెట్టుకుని వచ్చాడు. "బిస్కెట్ వేశాను, వదల్లేదు" అన్నాడు. అంతే, అది మాదైపోయింది.

నేను దానికి ప్రేమకొద్దీ అన్నీ పెట్టేదాన్ని. మిగిలిన ఇడ్లీ కారప్పొడితో కలిపి పెట్టేదాన్ని. ఉల్లిపాయలేసిన ఉప్మా పెట్టేదాన్ని. మనం తినేదే అదీ తినాలి కదా, వేరుగా పెడితే పాపమనిపించేది. అది తెగ తినేది, ఆపైన వాకిట్లో కక్కేది. ఒళ్ళంతా గోక్కునేది. మామ్మగారు గోడవతలి నుంచి చూసేవారు. ఒకరోజు ఉండబట్టలేక అడిగారు.

"అమ్మాయ్, పసిపిల్లకి ఉగ్గులో కారం కలుపుతావా?"

"లేదండి మామ్మగారు."

"మరి దానికెందుకు? దానికి చెమట పట్టదు, ఆ ఉప్పు ఎటు పోద్ది? ఉల్లిపాయ అసలే పెట్టకు. నా చిన్నప్పుడు మా నాన్న తోటకి కాపలా కుక్కలుండేవి. ఉల్లిపాయ కూర తిని ఒకటి పోయింది. ఇవ్వాళ్టి నుంచి దాని తిండి నేను చూస్తా. నువ్వు ఇడ్లీలు అమ్ముకో."

అప్పటినుంచి ఆవిడే వండారు. మెత్తగా ఉడికిన అన్నంలో చేపలు ఉడకబెట్టి, ఒక్కో ముల్లూ తీసి కలిపేవారు. ఒకరోజు గుడ్డు, ఒకరోజు కోడి కార్జం, గుమ్మడికాయ ముక్కలు. ఉప్పు లేదు, కారం లేదు. రంజాన్ నెలలో కూడా మానలేదు. "ఉపవాసం ఉండి ఎలా వండుతున్నారండి, రుచి చూడకుండా?" అని అడిగితే, "దీనికి రుచి చూసే పనేముందే, ఉప్పే లేదుగా" అన్నారు.

పొద్దున నమాజు అయ్యాక ఒకసారి, సాయంత్రం నమాజు అయ్యాక ఒకసారి పెట్టేవారు. మధ్యలో ఎవరేం వేసినా ఒప్పుకునేవారు కాదు. కొన్నాళ్ళకి మసీదులో నమాజుకి పిలిచే అజా వినపడగానే అది లేచి గోడ సందు దగ్గరికి పోయి నిలబడేది. నమాజు అయ్యేదాకా అక్కడే ఉండేది.

ఇంత చేసినా ఆవిడ దాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు. కుక్క నోటి తడి తగిలిన బట్టలు నమాజుకు పనికిరావు. మార్చుకోవాలి. పిల్లగా ఉన్నప్పుడు అది గిన్నె చూడగానే ఎగిరి ఆవిడ మీద పడేది. ఆవిడ ఒక్క మాట కూడా అనకుండా లోపలికి వెళ్ళి, చీర మార్చుకుని మళ్ళీ వచ్చేవారు. అది మళ్ళీ ఎగిరేది. ఆవిడ మళ్ళీ వెళ్ళేవారు. ఒక్కపూటలో తీగ మీద వరసగా చీరలు ఆరుతుంటే, ఇడ్లీకి వచ్చినవాళ్ళు, "మామ్మగారింట్లో పెళ్ళా ఏంటి?" అని నవ్వేవారు.

మా ఆయన బెత్తం తీసుకుని, "రెండు తగిలిస్తే అదే వింటదండి" అన్నాడు.

"తగిలిస్తే నిన్ను చూసి భయపడుద్ది. నా మాట ఎందుకు వింటది? ఆ బెత్తం పొయ్యిలో పెట్టు" అన్నారు.

ఆవిడ పద్ధతి ఇంతే. అది ఎగిరితే గిన్నె పైకెత్తి వెనక్కి తిరిగేవారు. అది కూర్చుని తోక నేలకి తగిలిన క్షణాన, "బైఠ్" అని గిన్నె కింద పెట్టేవారు. గట్టిగా అనరు. గారంగా అనరు. పక్కన కూర్చున్న మనిషితో అన్నట్టు అంటారు. బైఠ్ అంటే కూర్చో అని. తరవాత "ఠైర్" నేర్పారు, అంటే ఆగమని. గిన్నె పెట్టి ఆవిడ అవతలికి జరిగేదాకా అది కదలకూడదు. చొంగ కారుతున్నా కదిలేది కాదు. నేను నోరు తెరుచుకుని చూసేదాన్ని. నా మాట మా పిల్లలే అలా ఎప్పుడూ వినలేదు.

చిక్కేమిటంటే దానికి తెలుగు రాకుండా పోయింది. నేను "కూర్చో" అంటే తోక ఊపేది. ఇడ్లీకి వచ్చే రిక్షా తాతయ్య ఒకాయన, "అమ్మాయ్, మీ కుక్క ఏ ఊరిదే, నీ మాట అర్థం కావట్లా?" అనేవాడు. "దానికి ఉర్దూ వచ్చండి తాతయ్యా, నాకే రాదు" అనేదాన్ని.

వానలు పడ్డాక దానికి పిడుదులు పట్టాయి. రక్తం తాగి గింజల్లా ఉబ్బి చెవుల చుట్టూ వేలాడేవి. మా ఆయనకు పురుగు అంటే ఒకటే దారి తెలుసు. మా వైపు చాలామంది చేసే పనే అది. గేదెకైనా, కుక్కకైనా చేలో మందే పోస్తారు. పని నుంచి వచ్చి బకెట్లో నీళ్ళు పట్టి, చేలో కొట్టే మందు కలిపాడు. వాసనకి నాకే కళ్ళు మండాయి. మామ్మగారు గోడ దగ్గరికి వచ్చారు.

"అబ్బాయ్, ఆ బకెట్లో ఏంటి?"

"పిడుదులకండి. చేలో మందే. కాస్తే కలిపా, ఏం కాదు."

"మందు కొట్టేటప్పుడు నువ్వు మూతికి గుడ్డ కట్టుకుంటావుగా?"

"కట్టుకుంటానండి."

"ఇంటికొచ్చి సబ్బుతో రుద్దుకోందే కంచం ముట్టుకోవుగా?"

"అవునండి."

"అది ఒళ్ళు దేంతో కడుక్కుంటది? నాలికతోనేగా?"

మా ఆయన బకెట్ వంక చూశాడు, కుక్క వంక చూశాడు. బకెట్ పట్టుకుని ఊరవతలికి వెళ్ళిపోయాడు. ఆ మర్నాటి నుంచి ఆవిడ వేపాకు కాచి ఇస్తే ఆ నీళ్ళతో నేను దాన్ని తోమేదాన్ని. పైకి కనపడేవి కొన్ని రాలాయి. ఇద్దరం పని అయిందనుకున్నాం.

అంతలో బాపట్లలో కూతురికి నెలలు నిండాయని మామ్మగారు వెళ్ళారు. వెళ్ళేముందు ఏ పూట ఏం పెట్టాలో నాకు వల్లె వేయించి మరీ బస్సెక్కారు. కుక్క రెండు పూటలా సందు దగ్గరికి వెళ్ళి నిలబడేది. నేను పెడితే తినేది. కొన్నాళ్ళకి తినడం తగ్గించింది. బెంగ పెట్టుకుందనుకున్నాం. ఒకరోజు అజా వినపడినా లేవలేదు. చెవులు పట్టుకుంటే కాలిపోతున్నాయి. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు సున్నం కొట్టినట్టున్నాయి.

మా ఊరి పశువుల ఆసుపత్రిలో చూసి, "రక్తం పరీక్ష చేయించాలమ్మా, ఆలస్యం చెయ్యకుండా తెనాలి తీసుకెళ్ళండి" అన్నారు. మా ఆయన ఆరోజు పని మానేశాడు. ఆటోలో నా ఒళ్ళో పడుకోబెట్టుకున్నాను. వేమూరు దాటేటప్పటికి అది కళ్ళు కూడా తెరవడం లేదు.

తెనాలిలో డాక్టరమ్మగారు చిన్నావిడే. దాన్ని బల్ల మీద పెట్టగానే ఎక్కడి నుంచి వచ్చిందో ఓపిక, పళ్ళు బయటపెట్టి గుర్రుమంది. సూది పట్టుకుని దగ్గరికి వస్తే గాలిని కొరికింది. మా ఆయన మెడ పట్టుకోబోతే ఆయన మీదికే తిరిగింది. తిరిగి వెంటనే కూలబడి ఎగశ్వాస తీసింది.

"నలుగురం కలిసి అదిమి పట్టుకోవచ్చమ్మా. కానీ దీంట్లో నెత్తురు లేదు. భయపడి గింజుకుంటే గుండె ఆగిపోవచ్చు. పిడుదుల వల్ల వచ్చే జ్వరంలా ఉంది. రక్తం తీసి చూడాలి, సెలైన్ పెట్టాలి. కాసేపు కదలకుండా ఉంటే చాలు. ఇది ఎవరి మాటైనా వింటుందా?" అన్నారు.

నేను బాపట్లకి ఫోన్ చేశాను. అంతా చెప్పి, స్పీకర్ పెట్టి ఫోన్ దాని చెవి దగ్గర పెట్టాను. "బైఠ్ బేటీ, బైఠ్" అన్నారు మామ్మగారు. అది చెవులు రిక్కించింది. అంతటితో మా కష్టం తీరిందనుకున్నాను. కానీ మనిషి కనపడక అది ఇంకా కంగారు పడింది. ఫోన్ వెనక వెతికింది, బల్ల మీద నుంచి దూకబోయింది. డాక్టరమ్మగారు పట్టుకోకపోతే పడేది.

"ఏమైందే?" అన్నారు ఫోన్లో.

"మీరెక్కడని వెతుకుతోందండి. పడిపోబోయింది."

"అయితే నేను ఇక మాట్లాడను. నువ్వే చెప్పు" అన్నారు.

"నా మాట ఎప్పుడు విందండి అది?"

"నీకు ఏడుపు వస్తోంది, అది నీ గొంతులో వినపడుతోంది. ఏడిస్తే అది నిన్ను కాపాడాలనుకుంటది, కూర్చోదు. బతిమాలకు. అరవకు. ఇడ్లీకొచ్చినోళ్ళకి 'చట్నీ అయిపోయిందండి' అని ఎట్టా చెప్తావ్? అట్టా చెప్పు. ఇక నేను నోరెత్తను."

నేను కళ్ళు తుడుచుకున్నాను. గోడ సందు దగ్గర ఆవిడ ఎలా నిలబడేవారో అలా నిలబడ్డాను, ఒక అడుగు వెనక్కి. "బైఠ్" అన్నాను.

అది నన్ను చూసింది. వెనక కాళ్ళు వణుకుతున్నాయి. నెమ్మదిగా కూర్చుంది.

"ఠైర్."

డాక్టరమ్మగారు ముందు కాలు పట్టుకున్నారు. అది ఆవిడ వైపు చూడలేదు. నా మొహం వంకే చూసింది. సూది దిగినప్పుడు దాని కన్ను ఒకటి అదిరింది, కాలు మాత్రం కదల్లేదు. సెలైన్ ఎక్కుతున్నంతసేపూ నేను మధ్య మధ్యలో "ఠైర్" అంటూనే ఉన్నాను. నాకు కాళ్ళు పీకుతున్నా కూర్చోలేదు. దాన్ని చూస్తే నాకు దండం పెట్టాలనిపించింది. అంత జబ్బులో, అంత భయంలో, నేర్చుకున్న మాట మీద నిలబడింది.

అప్పుడు గుర్తొచ్చింది, ఫోన్ ఇంకా పెట్టెయ్యలేదని. అవతల పసిబిడ్డ ఏడుస్తోంది. కూతురు అమ్మా, అమ్మా అని ఎత్తుకోమని పిలుస్తోంది. "ఆగవే, ఇక్కడ ఇంకో పిల్లకి సెలైన్ ఎక్కుతోంది" అన్నారు మామ్మగారు చిన్నగా.

డాక్టరమ్మగారు రక్తం చూసి, పిడుదుల జ్వరమేనని మాత్రలు రాశారు. దాని కాలివేళ్ళ సందులు విప్పి చూపించారు. చెవుల లోపల, వేళ్ళ మధ్య, తోక కింద పిడుదులున్నాయి. వేపనీళ్ళు వాటిని చంపలేదు, పైపైన కడిగాయంతే. నెలనెలా మెడ వెనక వేసే చుక్కల మందు ఇచ్చారు. అక్కడైతే నాలిక అందదు. అది వేసినప్పుడు స్నానం చేయించకూడదు. అది పడుకునే గోనె ఎండలో వెయ్యాలి, గోడ నెర్రెలు పూడ్చాలి, పిడుదులు అక్కడే గుడ్లు పెడతాయి. కడుపులో నట్టల మందు మూడు నెలలకోసారి, పిచ్చికుక్క టీకా ఏడాదికోసారి అన్నారు. అన్నీ ఓపికగా, నాకు అర్థమయ్యేదాకా చెప్పారు.

మా ఆయన అప్పటిదాకా గోడకానుకుని ఉన్నాడు. "మేడం, నేను చేలో మందు పోద్దామనుకున్నా. పోసుంటే?" అన్నాడు.

"పోసుంటే ఇక్కడి దాకా తెచ్చే పని ఉండేది కాదండి. ఎవరు ఆపారు?"

"పక్కింటి మామ్మగారండి."

"ఫోన్లో ఉన్నారే, ఆవిడేనా?" అని నవ్వి, ఫోన్ వైపు తిరిగి, "మామ్మగారూ, మీ కుక్కకి నాకంటే ఓపికుందండి" అన్నారు.

"నా కుక్క కాదమ్మా, వాళ్ళది. ఇవ్వాళ చూశావుగా, ఎవరి మాట విందో" అన్నారు ఆవిడ.

ఇంటికి తెచ్చాక కూడా రెండు రోజులు ఏమీ తినలేదు. మాత్రలు గుడ్డులో పెట్టి మింగించాను. అది పడుకున్న చోటే నేనూ చాప వేసుకున్నాను. మా ఆయన గోడ నెర్రెలన్నీ సిమెంటుతో పూడ్చాడు. పని చేస్తూ చేస్తూ వచ్చి దాని పొట్ట కదులుతోందా అని చూసి పోయేవాడు.

ఆ తరవాతి రోజు సాయంత్రం చేపనీళ్ళలో అన్నం పిసికి ముందు పెట్టాను. అది తల ఎత్తింది. వాసన చూసింది. లేచి, తూలి, మళ్ళీ నిలబడి గిన్నెలో మూతి పెట్టింది. నేను పరుగున వెళ్ళి ఫోన్ అందుకున్నాను.

"మామ్మగారు, తింటోందండి."

"నిజంగానా?"

"నా ఎదురుగా తింటోందండి."

"నువ్వు మాట్లాడకు. ఫోన్ ఆ గిన్నె పక్కన పెట్టు. వింటా" అన్నారు.

ఫోన్ గిన్నె పక్కన పెట్టి నేను దూరంగా కూర్చున్నాను. అది చివరి మెతుకు దాకా నాకింది. అటునుంచి ఒక్క మాట రాలేదు, ఫోన్ కూడా పెట్టెయ్యలేదు.