డ్రీకా భుజం నొప్పి

డ్రీకా మొగుడి మీద సాధించిన మొదటి ఘనవిజయం అతని చేత కారవాన్ కొనిపించడం. అది ఊరికే దక్కలేదు. రైలింజను నడిపి రిటైరైన ఫానుస్, "బతుకంతా తిరిగాను, ఇక నా మంచం దిగను" అని భీష్మించుకు కూర్చున్నాడు. డ్రీకా వాదించలేదు. మాకు నడి చలికాలమైన జూలైలో, మా సెనెకాల్ ఊరి నేలంతా మంచుతో తెల్లబడే రోజుల్లో, పెరట్లో డేరా వేసుకుని అందులోనే పడుకోవడం మొదలుపెట్టింది. ఊరు ఊరంతా గోడ మీంచి తొంగిచూసింది. చివరికి పాస్టరుగారే వచ్చి, "ఏం ఫానుస్, ఇంట్లో అంతా కులాసాయేనా?" అని నసిగారు. ఆ వారంలోనే, బండి వెనక తగిలించుకుని లాక్కుపోయే ఆ చక్రాల ఇల్లు వాకిట్లో నిలిచింది.

అంతకుముందు మాత్రం ఆమె చేసినవి తక్కువా? పదిహేనేళ్లకే మొక్కజొన్న ట్రైలరును ట్రాక్టరుతో వెనక్కి నడిపి కొట్టంలోకి సూదిలో దారంలా దూర్చేది. బడి హాస్టలు వంటింట్లో దూరిన నాగుపామును చీపురుతోనే సాగనంపింది. చర్చి సంతలో ఆమె అంజూరపు మురబ్బా అయిపోయాకే తక్కినవాళ్లవి అమ్ముడుపోయేవి. ఇవి తెలియనివాళ్లు మా జిల్లాలో ఉంటే నిన్నగాక మొన్న వచ్చినవాళ్లై ఉంటారు.

ఒక్కటే ఆమెకు తీరని కోరిక. పడమట నమక్వాలాండ్ ఎడారిలో, వానలు సరిగ్గా పడిన ఏడు, ఆగస్టులో కొన్నాళ్లపాటు నేల కనబడకుండా పూలు పూస్తాయి. అరవై ఎనిమిదేళ్లొచ్చినా డ్రీకా వాటిని చూడలేదు. ఈ ఏడు వానలు పడ్డాయి. ఇద్దరూ బయల్దేరారు.

దారిలో, ఆరెంజ్ నది ఒడ్డున, కారవాన్లు నిలుపుకునే ఒక తోటలో ఆగారు. అట్లాంటి తోటల్లో ఒక ఆచారం ఉంది. కొత్త బండి వస్తోందంటే చాలు, ముందొచ్చినవాళ్లు మడతకుర్చీలు బయటేసుకుని, ఎండురొట్టెలు కాఫీలో ముంచుకుంటూ కూర్చుంటారు. మొగుడు బండిని వెనక్కి నడపాలి, పెళ్లాం వెనక నిలబడి చేతులూపాలి. అంతకు మించిన వినోదం లేదు.

పట్టాల మీద నడిపినవాడికి స్టీరింగుతో పనేముంది? వెనక్కి నడిపేటప్పుడు కారవాన్ ఎడమకు పోవాలంటే చక్రం కుడికి తిప్పాలన్న సంగతి ఫానుస్ బుర్రకు ఎంతకీ ఎక్కలేదు.

"కుడికయ్యా, కుడికి!"

"నీ కుడికా, నా కుడికా?"

"దేవుడి కుడికి! ఆపు, ఆపు!"

కారవాన్ వెళ్లి అందరూ నీళ్లు పట్టుకునే కొళాయిని కూల్చింది. ఎగిరిన నీళ్లు సరాసరి పక్క కారవాన్ కుర్రాడు స్కాల్క్ రాజేసిన నిప్పుల మీద, వాటిపై కాలుతున్న సాసేజ్‌ల మీద పడ్డాయి.

"బాబాయ్, వాటిని నేను కడిగే పెట్టాను!" అన్నాడు స్కాల్క్. తోటంతా చప్పట్లు.

ఫానుస్ ముఖం కందగడ్డయింది. "రేపే ఇంటికి. ఈ డబ్బాను అమ్మేస్తా. పూలూ లేవు, గీలూ లేవు."

తెల్లారగానే తోట కాపలాదారు వచ్చాడు. కొళాయి బాగుచెయ్యాలట, కారవాన్‌ను పక్క జాగాలోకి మార్చాలట. ఆ మాట నోట్లో ఉండగానే కుర్చీలు బయటికొచ్చాయి.

"వీళ్లముందు మళ్లీనా? నా వల్ల కాదు," అన్నాడు ఫానుస్.

స్టీరింగు తానే అడిగితే మొగుడి పరువు నదిపాలు. అడక్కపోతే పూలు గాలిపాలు. డ్రీకా మెడ పట్టుకుని మూలిగింది.

"అమ్మో, భుజం! వంకరగా పడుకున్నట్టున్నా ముసలాయనా. చెయ్యి పైకి లేవట్లేదు, సైగలు చెయ్యలేను."

"మరెట్లా?"

"స్టీరింగు కిందుంటుందిగా, దానికి చెయ్యెత్తక్కర్లేదు. ఇక సైగలంటావా, రైల్వేలో పుట్టి పెరిగినవాడివి. జెండా ఊపడం నీకు తెలిసినట్టు ఇక్కడెవడికి తెలుసు?"

ఫానుస్ ఆమె భుజాలకేసి చూశాడు. "ఏ భుజమే?"

"రెండూ."

అతను తీగ మీద ఆరేసిన ఆకుపచ్చ గుడ్డ ఒకటి లాక్కున్నాడు, స్కాల్క్ వంటకు కట్టుకున్న ఎర్ర ఏప్రన్ అరువడిగాడు, ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. జెండా ఊగితే బండి కదిలిందో, బండి కదిలితే జెండా ఊగిందో చెప్పడం కష్టం. డ్రీకా మాత్రం అద్దం మీంచి చూపు తిప్పలేదు. కారవాన్ మలుపు తిరిగి, చెట్ల మధ్య నుంచి జారి, కొత్త జాగాలో గూట్లో పావురంలా ఒదిగింది.

కాఫీ తాగడం మరిచిపోయారు జనం.

"బాబాయ్, ఏం సైగలు చేశావయ్యా!" అన్నాడు స్కాల్క్. "మాదీ కాస్త సరిగ్గా పెట్టించవూ?"

మధ్యాహ్నం దాకా ఫానుస్ ఆ తోటలో ఎవరినీ సొంతంగా బండి కదపనివ్వలేదు.

"మరి ఇంటికి బయల్దేరదామా?" అంది డ్రీకా, గిన్నెలు కడుగుతూ అమాయకంగా.

"ఇంటికా? పడమటి తోటల్లో జనం ఎట్లా నిలుపుతున్నారో ఏం పాడో! తెలిసినవాడు ఒకడు వెళ్లి చూడొద్దూ?"

నమక్వాలాండ్ కొండ దిగువన, కనుచూపుమేరా నారింజరంగు పూల మధ్య, డ్రీకా చిన్నపిల్లలా రెండు చేతులూ పైకెత్తి కేకేసింది.

"భుజం నయమైనట్టుందే!" అన్నాడు ఫానుస్.

"పూలగాలి మహిమ," అందామె, చేతులు దించకుండానే.

ఇంటి దగ్గర వాళ్ల కోళ్లకు మేతేస్తున్నది ఫానుస్ చెల్లెలు మార్తీ. ఎప్పుడొస్తారని ఆమె ఫోన్ చేస్తే, డ్రీకా నోరు తెరిచేలోపే ఫానుస్ అందుకున్నాడు. ఆరెంజ్ నది దాటితే పొరుగు దేశం నమీబియా. అక్కడా కారవాన్ తోటలున్నాయని అతనికి ఎవరో చెప్పారు. మార్తీకి అతనో తేదీ చెప్పాడు, పక్కనున్న డ్రీకా నోట్లో రుమాలు కుక్కుకున్నంత పని చేసింది. వచ్చే ఫిబ్రవరికి ఇరవై ఎనిమిదే రోజులని మార్తీ ఇంకా చూసుకోలేదు. ఊళ్లో అందరికీ చెప్పేసింది: అన్నావదినలు వచ్చేది ఫిబ్రవరి ఇరవై తొమ్మిదిన.