వెంట్రుకవాసి కొన్న పాత వెర్నియర్

లేత్ మెషిన్ ముందు పాతికేళ్లు నిలబడ్డ ఆ మనిషిని షెడ్డులో అందరూ ‘వెంట్రుకవాసి’ అనే పిలుస్తారు. ఒకసారి చీమ నడుము కొలిచి, తిన్నాక కాస్త లావవుతుందని తేల్చాడట. చీమ కూడా ఒప్పుకుందట. చూసినవాళ్లు లేరు గానీ, కాదన్నవాళ్లూ లేరు.

అంతటివాడు సన్నటి కొలతలు తీసే వెర్నియర్ సోమవారం బల్ల మీంచి జారి, అదే షెడ్డులో పనిచేసే బామ్మర్ది తోస్తున్న ట్రాలీ చక్రం కింద పడింది. వస్తువును పట్టి కొలిచే దవడ వంగిపోయింది. పోయిన నెలే అతను తిప్పిన ఇనప పిన్నులు ఒక బ్యాచ్ వెనక్కొచ్చాయి. ఇంకోటి వస్తే లేత్ వదిలి ప్యాకింగుకు పోవాల్సిందేనని సూపర్‌వైజరు అప్పుడే చెప్పేశాడు. కొత్తది కొనే తాహతు లేక, పాత పనిముట్లు అమ్మే ముసలావిడ కొట్టుకు పరిగెత్తాడు.

మొదటిది తళతళలాడుతోంది. దవడల మీద ఆకురాయి గీతలు చూసి పక్కన పడేశాడు. రెండోదాన్ని మూసి లైటుకెత్తితే సందులోంచి వెలుతురు కారింది. మూడోది నల్లబడింది గానీ, మూస్తే సందులో చీకటే. సున్నా మీద సున్నా కూర్చుంది. జేబులోంచి నున్నటి ఉక్కు ముక్క, బేరింగు రోలర్ తీశాడు. దాని కొలత అతనికి కంఠతా. మూడుచోట్ల పట్టి చూస్తే మూడుసార్లూ ఒకే మాట చెప్పింది.

“గంటైంది నాయనా. కొంటావా, దాంతో కాపురం పెడతావా?”

“తొందరపెట్టకు పిన్నీ. నా తిండి దీని చేతిలో ఉంది.”

“మా ఆయన నన్ను కూడా ఇంతసేపు చూడలేదు.”

మర్నాడు దాంతోనే కొలుస్తూ పాతిక మిల్లీమీటర్ల లావు పిన్నులు అరవై తిప్పాడు. సాయంత్రం తనిఖీ చేసే కుర్రాడు తల గోక్కున్నాడు. “మామా, అన్నీ సన్నం. మిల్లీమీటరుని వంద ముక్కలు చేస్తే నాలుగు ముక్కలు తక్కువ. అరవైకి అరవై.”

లావైతే ఇంకాస్త చెక్కొచ్చు. సన్నమైనదానికి ఇనుము అతికించే మొనగాడు ఇంకా పుట్టలేదు.

బామ్మర్ది చెవిలో గొణిగాడు. “సెకండ్‌హ్యాండు సరుకు ముంచిందను బావా. కాదనేదెవరు?”

అతను దవడలు మూసి చూశాడు. సున్నా మీద సున్నా. అప్పుడు సంగతి అర్థమైంది. చక్రం కింద పడ్డ పాతది దవడలు అరిగి, పన్నెండేళ్లుగా నాలుగు ముక్కలు తక్కువ చూపేది. అది పాతికకు నాలుగు తక్కువ చూపగానే అతని చేయి ఆగిపోయేది. పిన్ను సరిగ్గా పాతిక ఉండేది. ఇవాళా చేయి అక్కడే ఆగింది. అరిగిన సంగతి చెబితే పేరు పోతుందని, ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

సూపర్‌వైజరు వచ్చాడు. “ఏంటి, వెర్నియర్ తప్పా?”

“కాద్సార్. అది సరిగ్గానే చెప్పింది. పాతదాని లెక్కలో నేనే విన్నాను.”

మర్నాడు పొద్దున లేత్ ముందు అతని బదులు బామ్మర్ది నిలబడ్డాడు. వెంట్రుకవాసి ఆ వెర్నియర్‌ని బామ్మర్ది చేతిలోనే పెట్టాడు.

“నాలుగు కలపాలా బావా?”

“ఏమీ కలపకు.”

ప్యాకింగు బల్ల దగ్గర అట్టపెట్టెలు అంటిస్తూ వంగినప్పుడల్లా, జేబులో మర్చిపోయిన బేరింగు రోలర్ తొడకు ఒత్తుకుంటోంది. అతను దాన్ని తియ్యలేదు.