ఊరు చెప్పని చెనిక్కాయలు

ఆ రోజుల్లో మా గుడియాత్తం బజారులో పెళ్ళికూతురి అసలు వయసైనా చెప్పేవాళ్ళు గాని, సరుకు ఏ ఊరిదో మాత్రం చెప్పేవాళ్ళు కాదు. ఊరు తెలిస్తే కొనేవాడు నేరుగా అక్కడికే పోతాడు, మనం కొట్లో ఈగలు తోలుకోవాలి అన్నది చెనిక్కాయల (అదే, వేరుశనగ) కొట్టు నడిపే మా మేనమామ సిద్ధాంతం. ఎవరైనా "యాడిదప్పా ఈ కాయ?" అంటే "మంచి భూమిదప్పా" అనాలి. నేనూ అలాగే అనేవాణ్ణి. ఇరవై ఏళ్ళకే బేరంలో నన్ను మించినవాడు లేడని గట్టి నమ్మకం కూడా ఉండేది (ఆ నమ్మకం నాకొక్కడికే ఉండేదని తర్వాత తెలిసింది).

దేశం తలుపులు తెరిచారని పేపర్లు రాస్తున్న కాలం. మద్రాసు కంపెనీ ఒకటి వేరుశనగ మిఠాయిని విదేశాలకు పంపుతూ, మా కొట్టు నుంచి ఒక నమూనా బస్తా తెప్పించుకుంది. కాయ నచ్చింది. ఏడాది పొడుగునా కొంటామన్నారు. ఆ ఆర్డరు దక్కితే కొట్టు నిలబడుతుంది. లేకుంటే వేలూరు పెద్ద మండీల ధాటికి మూసుకోవాల్సిందే. కానీ కాట్పాడిలో రైలు దిగి వచ్చిన వాళ్ళ తనిఖీ మేడమ్, కాఫీ కూడా ముట్టకుండా అడిగింది: "ఈ కాయ పండిన చేను చూడాలండీ. యాడ ఎండబెట్టినారు, నీళ్ళు చల్లినారా, బూజు పట్టే చోట పెట్టినారా, అన్నీ చూడాలి. చూడకుండా ఆర్డరు లేదు."

మామ నన్ను గోదాములోకి లాక్కుపోయాడు. "అసలు చేను చూపిస్తే రేపు ఆమెకి మనమెందుకురా? రోడ్డు పక్కన మీ చిన్నాయన చేను ఉండాది గదా, అది చూపించు!" సరేనని మేడమ్‌ను ఆ పూటకు వేలూరు లాడ్జికి పంపాం. మర్నాడు చిన్నాయన కాయల్ని కళ్ళంలో గుట్టగా పోయించి, తెల్లచొక్కా తొడిగించి ఆయన్ని గంగిరెద్దులా పక్కన నిలబెట్టాను.

మేడమ్ ఒక కాయ తీసి చెవి దగ్గర ఆడించింది. మా బజారులో పసిపిల్లలకు కూడా తెలిసిన పరీక్ష: ఎండిన కాయ గలగలమంటుంది, తడికాయ మౌనవ్రతం పడుతుంది. ఇంకోటి ఆడించింది. మరొకటి. చిన్నాయన కాయలన్నీ వ్రతంలోనే ఉన్నాయి (తూకం కోసం ఆయన నీళ్ళు చల్లుతాడని మాకు తెలుసు, ఆమెకు ఆ పరీక్ష తెలుసని మాకు తెలియదు).

"మీరు పంపిన బస్తా ఇది కాదు," అంది కోపం లేకుండా. "నిజం చేను చూపిస్తారా, నేను మధ్యాహ్నం రైలుకు పోయేదా?"

ఆ రైలు పోతే ఆర్డరూ పోతుంది. మామకు చెప్పకుండా ఆమెను అసలు కాయ పండే కే.వి.కుప్పం దారి పట్టించాను. అక్కడ గుట్ట కింద రాళ్ళనేల ఓ అవ్వది. కాయల్ని బండమీద పలచగా పరిచి, మాటిమాటికీ కాళ్ళతో తిప్పుతూ ఎండబెట్టేది. మేడమ్ ఒక కాయ ఆడించింది. గలగల! ఆమె మొహం వెలిగింది. వెంటనే నేను భయపడ్డ మాట అనేసింది: "అవ్వా, ఇవి నేరుగా మాకే ఇస్తావా?"

అవ్వ నన్ను ఎగాదిగా చూసింది. "వీడా! ప్రాణం తోడేస్తాడమ్మా. పోయినేడు బేరం తెగేదాకా నా వాకిట్లోనే కూకుని, నా సంగటి కూడా తినేసి పోయినాడు." నేను నేల చూపులు చూశాను. "అయితే కాయ వానకి తడిస్తే, 'ఆరనీ అవ్వా, మళ్ళా వస్తా' అని రెండుతూర్లు ఉత్తచేతుల్తో పోయినాడు. తడికాయ కొనడు, కొన్నకాయ తడపడు. మీరు మద్రాసునించి అట్ల వచ్చి పోతా ఉంటారామ్మా?"

మేడమ్ నవ్వి, "సరే, ఇతని దగ్గరే కొంటాం," అంది. నేను పూరీలా పొంగాను. అప్పుడు అవ్వ కొంగు జాపింది. "రా నాయనా, ఈ ఏటి రేటు తేల్చుకుందాం." మావైపు బేరం గుడ్డచాటున వేళ్ళతోనే, ఎన్ని వేళ్ళు నొక్కితే రేటు అన్ని మెట్లు ఎక్కినట్టు. కొంగు కింద నా చెయ్యి పట్టి, పోయినేటి రేటు మీద రెండు వేళ్ళు నొక్కింది. నేను ఒకటి మడవబోయాను. "ఏమమ్మా మేడమూ, వీడి సంగతి ఇంకోటి ఉండాది..." అంటూ గొంతెత్తింది. రెండు వేళ్ళకూ ఒప్పుకున్నాను.

మొదటి లారీ కదిలేరోజు, కంపెనీ షరతు ప్రకారం ప్రతి బస్తా మీదా ఊరిపేరు రాయాల్సి వచ్చింది. కుంచె పట్టుకున్న నన్ను చూసి మామ కళ్ళు మూసుకున్నాడు. కాసేపటికి ఒక కన్ను తెరిచి, లారీని ఈ చివరి నుంచి ఆ చివరిదాకా చూసి, "ఇంకొంచెం పెద్దగా రాయరా," అన్నాడు.

ఈమధ్య ఏ పొట్లం మీద ఊరిపేరూ రైతు బొమ్మా చూసినా, ఆ బండమీద అవ్వ చేతిలో ఓడిపోయి ఈల వేసుకుంటూ తిరిగొచ్చిన ఇరవై ఏళ్ళ నేనే, ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాణ్ణి పిలిచి అవ్వతో ఇంకో బేరం ఆడమంటే, మళ్ళీ ఓడిపోవడానికి ఉరుకుతూ పోతాడు. నాకే ఇప్పుడు ఆ బండమీదికి ఎక్కే ఓపిక లేదు.